తాకట్టులో పోయిన పాట

క్లారినెట్ అంటే నాకు ఒకటే గుర్తు. మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు. పెట్రోమాక్సు లైట్ల వెలుగులో, జరీ అంచు ఎర్రకోటు తొడుక్కున్న బ్యాండు మేళం ముందు నడుస్తూంటే, నల్లటి గొట్టం ఒకటి బుగ్గలు పూరించి ఊదేవాడొకడు. మేళం మొత్తానికి వాడే నాయకుడు. కాబట్టి అమెరికాలో మా అమ్మాయింటికి వెళ్ళినప్పుడు, పద్నాలుగేళ్ళ మనవరాలు ఆ నల్లగొట్టం చేతపట్టుకుని గదిలోంచి బయటికి రాగానే, "ఇదేమిటే, ఆడపిల్లకి బ్యాండు మేళమా?" అనేశాను. మా అమ్మాయి నవ్వి, "ఇక్కడ ప్రతి స్కూల్లోనూ బ్యాండు ఉంటుందమ్మా. ఇది దాని సంగీతం పాఠం" అంది.

నిజానికి నేను నోరు జారాను. మన కర్ణాటక సంగీతంలో మాత్రం క్లారినెట్ లేదా? ఎ.కె.సి. నటరాజన్‌గారు దాని మీద రాగాలాపన చేసి పూర్తి కచేరీలు చెయ్యలేదూ? 2022లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది. అయినా మనసులో మొదట మెదిలేది ఊరేగింపే. ఏం చేస్తాం!

ఇక ప్రతి సాయంత్రమూ ఇంట్లో సాధన. ముందు స్వరాల మెట్లు ఎక్కడం, దిగడం. తర్వాత ఒక సన్నపాటి పుస్తకం తీసి అందులో పాఠాలు. మన సరళీ వరుసల్లా, జంటస్వరాల్లా వాళ్ళకీ ఉన్నాయన్నమాట అనుకున్నాను. ఆ పాఠాలు 32. వాటిని కూర్చినాయన సిరిల్ రోజ్ అని, పారిస్ సంగీత కళాశాలలో 1876 నుంచి 1900 దాకా పాఠం చెప్పిన గురువు. తమాషా ఏమిటంటే, అవి అసలు క్లారినెట్ కోసం పుట్టినవి కావు. ఓబో అని మన సన్నాయికి దూరపు చుట్టం లాంటి వాద్యం ఒకటుంది. దానికోసం ఫెర్లింగ్ అనే జర్మన్ ఆయన రాసిన పాఠాలను తీసుకుని, రోజ్‌గారు ఈ వాద్యానికి తగ్గట్టు మార్చి ఇచ్చారు. పక్కింటి పచ్చడికి మన తాలింపు వేసుకోవడం వంటిది. ఈ రోజుకీ క్లారినెట్ పట్టిన పిల్లలు ఆ తాలింపే తింటున్నారు.

ఈ పాఠాలు అయ్యాక మనవరాలు ఒక పెద్ద ముక్క ఎత్తుకునేది. అది వినగానే చేతిలో పని ఆగిపోయేది నాకు. మొజార్ట్ రాసిన క్లారినెట్ కన్చెర్టో అట. క్లారినెట్ నేర్చుకున్నవాళ్ళు ఎప్పటికో ఒకప్పటికి ఆ గుమ్మం తొక్కవలసిందే. అందులో మెల్లగా సాగే మధ్యభాగాన్ని 1985లో వచ్చిన 'అవుటాఫ్ ఆఫ్రికా' సినిమాలో వాడుకున్నారు కూడా. దాని కథేమిటో తెలుసుకుందామని లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివాను. చదివితే అందులో సంగీతం సగం, సంసారం సగం!

వియన్నాలో ఆంటన్ స్టాడ్లర్ అనే క్లారినెట్ విద్వాంసుడు ఉండేవాడు. మొజార్ట్‌కి ప్రాణస్నేహితుడు. ఆస్థాన వాద్యాలు చేసే థియోడార్ లోట్స్ ఇతనికి ప్రత్యేకంగా ఒక వాద్యం తయారుచేసి ఇచ్చాడు. మామూలు క్లారినెట్ కంటే అది మంద్రంలో నాలుగు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. నాలుగే కదా అనకండి. పాడేవాళ్ళకి తెలుసు, కింద ఒక్క స్వరం పలికితే గొంతుకే కొత్త అందం వస్తుంది. ఆ అడుగు స్వరాల కోసమే మొజార్ట్ 1789లో ఒక క్వింటెట్టూ, 1791లో ఈ కన్చెర్టో రాసి ఇచ్చాడు.

ఆ సంవత్సరం అక్టోబరు మొదటివారంలో భార్య కాన్‌స్టాంజె ఒంట్లో నలతగా ఉండి, వేడినీటి స్నానాలకని బాడెన్ వెళ్ళింది. జూలైలో పుట్టిన చంటిపిల్లాడు కూడా ఉన్నాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్న మొజార్ట్ ఆమెకు ఉత్తరం రాశాడు. తనతో తనే బిలియర్డ్స్ ఆడుకున్నాడట. గుర్రాన్ని 14 డ్యుకట్లకు అమ్మేశాడట. కాఫీ తెప్పించుకుని తాగి, హాయిగా పొగాకు పీల్చి, ఆ తర్వాత స్టాడ్లర్ కన్చెర్టోలో చివరిభాగం ఇంచుమించు మొత్తం పూర్తిచేశాడట. భార్య ఊళ్ళో లేనప్పుడు మగవాళ్ళు రాసే ఉత్తరాలు ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటాయి కాబోలు! చదివి నవ్వుకున్నాను. కాని రెండు నెలలైనా తిరక్కుండా, డిసెంబరు 5న, 35 ఏళ్ళకే ఆయన పోయాడని గుర్తొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

కాన్‌స్టాంజెకి అప్పటికి 29 ఏళ్ళు. ఏడేళ్ళవాడొకడు, అయిదు నెలలైనా నిండనివాడొకడు. ఇంట్లో ఉన్నవీ, రావలసినవీ, ఇవ్వవలసినవీ అధికారులు జాబితా రాశారు. అందులో స్టాడ్లర్ దగ్గర నుంచి రావలసిన 500 గుల్డెన్లు ఉన్నాయి. కాగితం లేదు, సంతకం లేదు. మన భాషలో చెప్పాలంటే చేబదులు. రాని బాకీ కిందే రాసుకున్నారు. ఆస్థానంలో మొజార్ట్‌కి ఏడాదికి జీతం 800 గుల్డెన్లని తెలిస్తే ఆ చేబదులు ఎంతదో మీకే అర్థమవుతుంది. తను పుష్బెర్గ్ అనే బట్టల వ్యాపారి దగ్గర బతిమాలి అప్పులు చేస్తూ, స్నేహితుడికి చేబదులిచ్చిన మనిషి! ఇలాంటి భర్తతో వేగిన ఆడవాళ్ళు ఈ పుట చదువుతున్నవాళ్ళలోనూ కొందరుంటారు.

ఆ ఇల్లాలు మాత్రం కుంగిపోయి కూర్చోలేదు. చక్రవర్తికి అర్జీ పెట్టుకుని పింఛను సంపాదించింది. భర్త రాతప్రతులను జాగ్రత్తచేసి, 1799లో ఆండ్రే అనే ప్రచురణకర్తకు చాలావాటిని అమ్మింది. అప్పుడు వచ్చింది ఈ కన్చెర్టో ప్రసక్తి. క్లారినెట్ రచనల అసలు ప్రతులు స్టాడ్లర్ దగ్గర ఉన్నాయి. 1800 మే నెలలో ఆమె ఆండ్రేకి రాసిన ఉత్తరంలో సంగతంతా ఉంది. జర్మనీలో తన పెట్టె దొంగలెత్తుకుపోయారని, అవన్నీ దాన్లోనే ఉన్నాయని స్టాడ్లర్ చెబుతున్నాడు. కాదు, ఆ పెట్టెను 73 డ్యుకట్లకు తాకట్టు పెట్టాడని వేరేవాళ్ళు చెబుతున్నారు. ఇంతే రాసింది ఆమె. తిట్టలేదు, శపించలేదు. నేనైతే అంత మర్యాదగా రాయగలిగి ఉండేదాన్ని కాదు.

ఆ ప్రతి మళ్ళీ దొరకలేదు. 1801 ప్రాంతంలో కన్చెర్టో అచ్చయింది గాని, మామూలు క్లారినెట్ మీద పలకడానికి వీలుగా ఎవరో మార్చిన రూపంలో. అడుగుకు దిగవలసిన చోటల్లా స్వరాలను మెలితిప్పి పైకి తోశారు. ఆ మార్చినవారి పేరు ఎక్కడా లేదు. 1802లోనే లైప్‌జిగ్ పత్రికలో ఒక సమీక్షకుడు ఇది అసలు రూపం కాదని ఎత్తిచూపాడు. ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు నూట యాభై ఏళ్ళు లోకమంతా ఆ మార్చిన పాటనే అసలు పాటనుకుని తలూపింది. 1951లో ప్రాగ్‌లో అలాంటి పొడుగు వాద్యం తిరిగి తయారుచేసి, పోయిన స్వరాలను ఊహించి అతికి వాయించారు. 1990లలో, రీగా నగరంలో 1794లో స్టాడ్లర్ చేసిన కచేరీ ప్రకటన ఒకటి బయటపడితే, దాని మీద ఉన్న బొమ్మవల్ల ఆ వాద్యం రూపం కూడా తెలిసింది.

ఈ పొడుగు వాద్యం మీద కన్చెర్టో వాయించి రికార్డు చేసినవాళ్ళలో సబీనె మేయర్ అనే ఆవిడ ఉంది. 1982లో కరాయన్ ఆమెను బెర్లిన్ ఫిల్హార్మనిక్‌లోకి ఎంచుకున్నాడు. ఆ బృందంలోకి ఆడవాళ్ళు రావడం అప్పుడే మొదలు. ఆమె ధ్వని తమతో కలవదంటూ వాద్యకారులు ఓటు వేశారు. వద్దన్నవాళ్ళు 73 మంది, కావాలన్నవాళ్ళు నలుగురు. మళ్ళీ ఆ 73! కరాయన్ పట్టుపట్టినా, 1984లో ఆమె తనంతట తనే తప్పుకుంది. తర్వాత ఒంటరిగా కచేరీలు చేస్తూ లోకమంతా పేరు తెచ్చుకుంది.

ఇంత శ్రద్ధగా ఈ కథ నేనెందుకు చదివానో చెప్పాలి. మా అమ్మకు ఒక పాటల పుస్తకం ఉండేది. మంగళహారతులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. దూరపు బంధువొకావిడ కూతురి పెళ్ళికని అడిగి పట్టుకెళ్ళింది. రైలు మారేచోట ట్రంకుపెట్టె పోయిందని, అందులోనే అదీ పోయిందని కబురు పంపింది. ఆవిడ ఇంట్లో అటకమీదే చూశామని ఇంకొకరు చెప్పారు. అమ్మ ఏమీ అనలేదు. అప్పగింతల పాటలో రెండో చరణం మాకెవరికీ రాదు. మా అక్కయ్య తన సొంత మాటలతో ఒక చరణం అల్లి పాడుతుంది. అమ్మ పాటను పాడుచేసిందని ముప్ఫై ఏళ్ళుగా నాకు లోపల కోపం.

ఆ పేరులేని మనిషి కథ చదివాక ఆ కోపం మెత్తబడింది. స్టాడ్లర్ వాద్యం వంటిది ఆ రోజుల్లో మరెవరి దగ్గరుంది? మార్చకుండా అలాగే అచ్చువేసి ఉంటే వాయించేవాళ్ళే లేక ఆ కన్చెర్టో మూలపడేది. తప్పో ఒప్పో, పాటను బతికించింది ఆ మార్పులే. బతికి ఉండబట్టే, పోయిన స్వరాల కోసం తర్వాతివాళ్ళు వెతికారు.

మనవరాలికి ఇదంతా చెప్పాను. ఆ తర్వాత సాధనలో స్వరాలు దిగబోయి పైకి తిరిగే చోటు రాగానే అది ఆగి, "అమ్మమ్మా, ఇదిగో, పెట్టె తాకట్టు పెట్టింది ఇక్కడే!" అనేది.

ఇండియా వచ్చిన మర్నాడే అక్కయ్యకు ఫోన్ చేసి అప్పగింతల పాట పాడించుకున్నాను. రెండో చరణంతో సహా కాగితం మీద రాసుకున్నాను. ఆ చరణం పక్కన అక్కయ్య పేరు కూడా రాసిపెట్టాను. ఈ పుస్తకం మాత్రం ఎవరికీ ఎరువివ్వను. కావలసినవాళ్ళు మా ఇంటికొచ్చి కూర్చుని రాసుకోవచ్చు. కాఫీ ఇస్తాను.