గుంపులోకి కొత్త చేప

2014 చలికాలం మొదలయ్యేనాటికి టోక్యోలోని కసాయి రింకాయ్ అక్వేరియంలో, ట్యూనాల కోసం కట్టిన పెద్ద తొట్టిలో 160 దాకా చేపలు గుంపుగా తిరుగుతుండేవి. బ్లూఫిన్ ట్యూనాలు, వాటితోపాటు సుమా, హగత్సువో అనే చిన్న జాతులూ ఉండేవి. ఏడాది మారే సరికి అవి ఒకదాని వెనక ఒకటి చచ్చిపోవడం మొదలైంది. 2015 మార్చి 24న, ఆఖరికి మిగిలిన రెండింటిలో ఒకటి గోడకు గుద్దుకుని చనిపోయింది. 2,200 టన్నుల ఉప్పునీటిలో ఇక ఒక్కటే చేప. నీటి పరీక్షల్లో దోషం తేలలేదు. కొన్నింటిలో వైరస్ కనిపించింది గాని, అన్ని చావులకూ అదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు.

నేనుండే నిషి కసాయి నుంచి ఆ అక్వేరియానికి బస్సులో పోవచ్చు. కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన మన దేశం వాళ్లు కాపురాలు పెట్టిన పేట ఇది. ఊరి నుంచి చుట్టాలు వస్తే మేం మొదట తీసుకెళ్లేది అక్కడికే. ఆ వసంతకాలమంతా దాదాపు ఖాళీ అయిన తొట్టి చూడటానికి జనం వచ్చారు, నేనూ వెళ్లాను. అందరూ అడిగిన ప్రశ్న ‘ఎందుకు చచ్చిపోయాయి?’ అని. నన్ను పట్టుకున్నది మరో ప్రశ్న. అంత పాత తొట్టిలోకి మళ్లీ కొత్త గుంపును దించడం ఎలా? ఇంట్లో నాకూ చిన్న ఉప్పునీటి తొట్టి ఉంది కాబట్టి ఆ ప్రశ్న నన్ను చాలా దూరం తీసుకెళ్లింది.

చేపల్ని అద్దం వెనక పెట్టి జనానికి చూపించడం జపాన్‌లో 1882లో, ఉయెనో జంతుప్రదర్శనశాలలోని ఒక చిన్న గదితో మొదలైంది. ఆ జంతుశాలకు నూరేళ్లు నిండిన సందర్భంగా తలపెట్టిందే కసాయి అక్వేరియం. వాస్తుశిల్పి తనిగుచి యోషియో గీసిన అద్దాల గుమ్మటం కింద 1989 అక్టోబరులో తలుపులు తెరిచారు. బ్లూఫిన్ ట్యూనాల గుంపును అద్దం వెనక ఈదించి చూపడం అప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు. ఎందుకు కాలేదో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

ఉప్పునీటి తొట్టి చరిత్రలో మొదటి వందేళ్లూ నీటి చరిత్రే. 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లండు ఆవిడ టార్కీ తీరం నుంచి పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. నీటికి గాలి తగలాలని పనిమనిషి చేత కిటికీ దగ్గర ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయించేదట. పేరు పుస్తకాలకెక్కని ఆ పనిమనిషి చేతులే మొదటి ఎయిర్ పంపు. 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. దాని వెనక ఉన్న ఫిలిప్ గాస్ మరుసటి ఏడే ‘ది అక్వేరియం’ పుస్తకం అచ్చువేశాడు. దాంతో ఇంటింటా తొట్టెలు వెలిశాయి. చాలావరకు కొద్ది వారాల్లోనే కుళ్లిపోయాయి.

దారి చూపినవాడు విలియం ఆల్ఫోర్డ్ లాయిడ్. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియం కట్టేటప్పుడు అతను చూపుడు తొట్ల కంటే ఎన్నో రెట్లు పెద్ద తొట్టిని నేలకింద చీకట్లో కట్టించి, సముద్రపు నీటిని రాత్రింబవళ్లు తోడి తిప్పించాడు. నీటిని మార్చడు, పాతబడనిస్తాడు. పాతబడిన నీరు ఎందుకు మంచిదో అప్పటికి ఎవరికీ తెలియదు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవుల్ని వినోగ్రాద్‌స్కీ విడదీసి చూపింది 1890 ప్రాంతంలో. 1961లో జకార్తావాసి లీ చిన్ ఎంగ్ సముద్రం నుంచి తెచ్చిన సజీవమైన రాళ్లతోనే తొట్టి నిలబడుతుందని రాశాడు. 1964లో ఒహాయోలో ‘ఇన్‌స్టంట్ ఓషన్’ ఉప్పు అమ్మకానికి వచ్చింది. సముద్రం మొహం చూడనివాడూ ఉప్పునీటి తొట్టి పెట్టుకోగలిగాడు.

ఇంతవరకు బాగానే ఉంది. నీరు కుదిరాక తెలిసింది, తొట్టిలో నీటితోపాటు చేపల మధ్య ఒక సంఘం కూడా ఉంటుందని. జంతువుల ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1963లో అచ్చయిన తన పుస్తకాన్ని పగడపు దిబ్బల చేపలతోనే మొదలుపెట్టాడు. తొట్టిలో ముందు నుంచీ ఉన్న చేప వేరే జాతిని పెద్దగా పట్టించుకోదు. తన జాతి చేప కొత్తగా కనిపిస్తే మాత్రం చావగొడుతుంది. సముద్రంలో అయితే ఓడినది పారిపోతుంది, తొట్టిలో పారిపోవడానికి చోటు లేదు. ఆ పుస్తకంలోనే మరో అధ్యాయంలో గుంపుల గురించి రాశాడు. అక్కడ ఎవరు ఎవరో ఎవరికీ అక్కర్లేదు, పాతా కొత్తా తేడా లేదు. నా దృష్టిలో ఆ రెండు అధ్యాయాల మధ్య ఉన్న తేడాలోనే మా తొట్లవాళ్ల కష్టమంతా ఉంది.

గుంపు ఎలా నిలుస్తుందో స్కాట్లండులోని అబెర్దీన్‌లో పరిశోధకులు గుండ్రటి పెద్ద తొట్టిలో చూశారు. 1976లో పిచర్, పార్ట్రిడ్జ్, వార్డిల్ ‘సైన్స్’ పత్రికలో రాసినదాన్ని బట్టి, సైథ్ చేపల కళ్లు తాత్కాలికంగా కప్పేసినా అవి గుంపుతో కలిసి ఈదగలిగాయి. ఒంటి పక్కల ఉండే పార్శ్వ రేఖ పక్క చేప కదలికను నీటి ఒత్తిడిలోంచి పసిగడుతుంది. దాన్ని కూడా పని చేయకుండా చేస్తే గుంపు వదిలిపోయాయి. అంటే గుంపులో చేరడానికి కొత్త చేపకు కళ్లే కాదు, చర్మమూ సాయపడుతుంది. దారిలో వలకో చేతికో ఒరుసుకుని పొలుసు ఊడిన చేప తొట్టిలో పడేనాటికే సగం చెవిటిదన్నమాట.

ట్యూనాకు ఇది మరీ ప్రాణాంతకం. అది నోరు తెరుచుకుని ఈదుతూనే ఊపిరి తీసుకుంటుంది, ఆగితే చస్తుంది. వేగం ఎక్కువ, చటుక్కున మళ్లలేదు. హఠాత్తుగా దీపం వెలిగినా, చప్పుడైనా బెదిరి గోడకు గుద్దుకుంటుంది, వెన్ను విరుగుతుంది. కసాయిలో తొట్టిని మూలలు లేకుండా, గారె ఆకారంలో కట్టింది అందుకే. చేపకు ఎదురుగా ఎప్పుడూ దారే ఉంటుంది. పెద్ద ట్యూనాల్ని పట్టి తేవడం కుదరని పని కాబట్టి పిల్లల్నే తెస్తారు. చేత్తో తాకకుండా, నీటితో సహా తరలించి, వెనక తొట్లలో తిండికి అలవాటు చేసి, ఆ తర్వాతే ముందుకు వదులుతారు.

2015లో వాళ్లు ఎంచుకున్న వరస నాకు బాగా నచ్చింది. వెంటనే ట్యూనాల్ని తెచ్చి పోయలేదు. ముందు వేరే జాతుల చేపల్ని ఆ నీటిలో వదిలి, కొన్నాళ్లు అవి బతుకుతాయా, తింటాయా అని చూశారు. మన విశాఖ రేవులో కూడా దిగే చిన్న ట్యూనాయే సుమా. దాన్నీ మళ్లీ తెచ్చారు. ఇవి కుదురుకున్నాక, జూన్‌లో, బ్లూఫిన్ పిల్లల్ని ఒకటీ అరా కాకుండా డెబ్బైకి పైగా గుంపుగా దించారు. ఆనాటి టీవీ వార్తలు తొందర ఎందుకు లేదని అడిగినట్టు నాకు గుర్తు. తొందరపడకపోవడమే ఈ విద్యలో సగం.

ఇళ్లలో మేం పాటించే పద్ధతులు కూడా ఇలా చావుల్లోంచి పుట్టినవే. తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిమికి 1951లో క్రిప్టోకేరియన్ ఇరిటాన్స్ అని పేరు పెట్టారు. అది చేప ఒంటిమీద 3 నుంచి 7 రోజులుండి రాలిపోతుంది. ఇసుకలోనో రాతిమీదో కవచం కట్టుకుని వారాల తరబడి దాక్కుంటుంది, తర్వాత పగిలి వందల కొద్దీ పిల్లల్ని వదులుతుంది. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. ఈ చక్రం తెలిశాకే విడి తొట్టి ఆచారం వచ్చింది. కొత్త చేపను కనీసం నెల రోజులు వేరే ఉంచి కనిపెట్టాలి, అవసరమైతే రాగి మందు అక్కడే వేయాలి. పగడాలూ రొయ్యలూ ఉన్న తొట్టిలో రాగి వేస్తే చేప కంటే ముందు అవి పోతాయి. ఒకసారి పాత తొట్టికే జబ్బు సోకితే, చేపలన్నిటినీ తీసి రెండున్నర నెలల దాకా ఖాళీగా ఉంచాలి.

మా పేటలో కొత్తగా తొట్టి పెట్టినవాళ్లు సాధారణంగా అడిగేది ఆకుపచ్చ క్రోమిస్ గురించే. సముద్రంలో అవి కొమ్మల పగడాల మీద మబ్బులా తేలతాయి. దుకాణంలోనూ ముచ్చటగా గుంపు కడతాయి. ఇంటికొచ్చి భయం తీరాక గుంపు విడిపోతుంది. వేటాడే పెద్ద చేప లేని చోట కలిసి ఉండాల్సిన పని వాటికి లేదు. పెద్దది చిన్నదాన్ని తరుముతుంది, ఏడు కాస్తా నాలుగై, రెండై, చివరికి ఒకటే మిగులుతుంది. అందుకని నేను చెప్పేది ఇది: ఒకే సైజువి కొనండి, విడి తొట్టిలో అన్నిటినీ కలిపే ఉంచండి, పాత తొట్టిలోకి అన్నిటినీ ఒకే రోజు దించండి. అంతకుముందు రాళ్ల అమరిక కాస్త మార్చండి, పాతవాటి హద్దులు చెరిగిపోతాయి. దించేముందు, దీపాలు ఆర్పి, సాయంత్రం పూట, రెండు నీళ్ల ఉప్పదనం కలిసేదాకా కొత్త చేపలున్న పాత్రలోకి సన్నగొట్టంతో చుక్కచుక్కగా తొట్టి నీరు వదలండి. తర్వాత రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెం మేత వేయండి, ఆకలి తగ్గితే పోట్లాటా తగ్గుతుంది. నాలుగడుగుల తొట్టి లేనివాళ్లకు మాత్రం క్రోమిస్ వద్దనే చెబుతాను. చిన్న చోట గుంపు చేపల్ని పెంచకూడదని నా గట్టి నమ్మకం. వాళ్లకు ఒక జత క్లౌన్ చేపలు చాలు.