నల్లా యెవరిది? నాలా యెవరిది?

హుస్సేన్‌సాగరము పొర్లిన నీరు అశోక్‌నగర్ వంతెన క్రిందుగా సాగిపోవును. ఆ వంతెనపై నిలిచి చూచినచో నగరాధికారము ఎన్ని చేతులలోనికి చీలినదో కన్నులకు గట్టును. చెరువు మహానగరాభివృద్ధి సంస్థ పాలనలోనిది. వాననీటి నాలా నగరపాలక సంస్థది. అందు కలియుచున్న మురుగును వేఱుగా మోయవలసిన గొట్టములు జలమండలివి. దీపస్తంభము నగరపాలకులది, అందలి విద్యుత్తు మఱొక సంస్థది. వర్షాకాలమున ఇంటిలోనికి వచ్చిన నీటిలో వాననీరెంత, మురుగెంత యని గృహస్థుడు వేఱుచేసి చెప్పజాలడుగదా! ఎవరికి మొఱపెట్టుకొనవలెను?

ఈ స్థితికి మూలము పాతది. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరద పిమ్మట మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు రప్పింపబడిరి. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ఘనకార్యములే, కాని ప్రభువిచ్చిన వరములు, పౌరులు చేయించుకొన్న పనులు గావు. ఇంగ్లండులో బర్మింగ్‌హాము నగరాధ్యక్షుడు జోసెఫ్ చేంబర్లేను 1870 దశకముననే దీపవాయువును, నీటిని నగరసభ పేర కొనివైచెను. అమెరికాలో 1907లో న్యూయార్కు, విస్కాన్సిన్ రాష్ట్రములు ఇట్టి సేవలపై నియంత్రణ సంఘములను నెలకొల్పగా, నగరముల స్వాధికారమేమగునని గట్టి వాదము చెలరేగెను. మనకట్టి తగవే రాలేదు. మన నగరమునకు పోగొట్టుకొనుటకు మొదట ఉన్నదెంత?

1989లో జలమండలి వెలసినది. నీరును, మురుగును ఒక్కచేతిక్రిందికి వచ్చినవి గాని, ఆ చేయి నగరసభది కాదు, అధ్యక్షపీఠము ముఖ్యమంత్రిది. 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పండ్రెండవ షెడ్యూలులో 18 అంశములను చేర్చెను. నీటి సరఫరా అందు ఐదవది. అశోక్‌నగర్ గదులలో ఉద్యోగ పరీక్షలకై చదువుకొను యువకులు దీనిని వల్లెవేయుదురు. వారు మఱచిపోగూడని మాట వేఱొకటి కలదు: రాష్ట్రము ఈ అధికారములను నగరమునకు "ఇయ్యవచ్చును" అనియే రాజ్యాంగము పలుకుచున్నది, "ఇయ్యవలెను" అని కాదు.

రాష్ట్రపక్షమున న్యాయము లేకపోలేదు. మంజీర, కృష్ణ, గోదావరి జలములు దూరమునుండి, అనేక జిల్లాల మీదుగా వచ్చుచున్నవి. ఆ నదులపై ఒక్క నగరమే పెత్తనము చేయజాలదు. కాని నారాయణగూడ వీథిలో పగిలిన గొట్టమునకు గోదావరితో నేమి సంబంధము?

విద్యుత్తు కథ వేఱు. 1998 సంస్కరణ చట్టమును బట్టి 1999లో నియంత్రణ కమిషను యేర్పడెను. ధరలను పెంచకముందు బహిరంగ విచారణ జరుపు పద్ధతి వచ్చెను. అయినను 2000లో ఛార్జీలు పెరిగినప్పుడు జనులు కమిషను ద్వారమునకు గాక శాసనసభకు నడచిరి. ఆగస్టు 28న, నారాయణగూడకు చేరువనున్న బషీర్‌బాగులో పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. విచారణ కాగితముపై నుండుటవేఱు, జనుల కది తమదని తోచుటవేఱు.

నీటికి ఆ పాటి విచారణయు లేదు. మండలి సుంకమును నిర్ణయించును, ప్రభుత్వము అంగీకరించును. 2020 డిసెంబరులో నగరసభకు ఎన్నికలు జరుగగా, నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితమని రాష్ట్రపాలకపక్షము వాగ్దానము చేసి, 2021 జనవరిలో నెఱవేర్చెను. నీరు అందినవారికి మేలే కలిగినది. కాని చిత్రము చూడుడు: ఎన్నిక నగరసభది, వాగ్దానము రాష్ట్రపాలకులది, నీరు మండలిది. గెలిచిన కార్పొరేటరు చేతిలో ఒక్క నల్లాయైన లేదు.

మా యభిప్రాయమున నదులును, పెద్ద గొట్టములును రాష్ట్రమునకే యుండవచ్చును. వీథిగొట్టములు, మురుగు, నాలా యీ మూడును ఎన్నికైన నగరసభకు చెందవలెను. సుంకమును మాత్రము ఈ యిరువురికిని లోబడని కమిషను విని తేల్చవలెను. ఆ విచారణ సచివాలయపు గదిలో గాక చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమువంటి చోట, సాయంకాలము, ఉద్యోగులును గృహిణులును రాగల వేళ జరుగుట మేలు.