ఇసుర్రాయి నుంచి కంకర మిషన్ దాకా



ప్రతి ఏడు వార్షిక నివేదికలో పొదుపు ఎంత, లోన్ ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు రాస్తం. ఈసారి ఒక చరిత్ర వ్యాసం కూడా ఉండాలె అన్నరు. నేను చదివింది పదో తరగతి. రాజుల చరిత్ర రాసేంత నాకు రాదు. కానీ మా ధూల్‌పేట్ గ్రూపులో ఈ ఏడు అన్నిటికన్న ఎక్కువ మాట్లాడుకున్న విషయం ఒకటుంది. లోన్ తీసుకొని కారం, పసుపు, ధనియాలు పట్టే పల్వరైజర్ కొనాల్నా, వద్దా? మూడు మీటింగులైనా తేలలేదు. అందుకే ఆ మిషన్ వెనక ఉన్న చరిత్రే రాద్దామనుకున్న. గట్టి వస్తువును నలగ్గొట్టి పిండి చేసే యంత్రం ఎట్ల పుట్టింది, ఎట్ల మారింది, అందులో ఎవరికి లాభం వచ్చింది, ఎవరి ఒళ్ళు గుల్లయింది, ఇవి తెలిస్తే మన నిర్ణయం కూడా తేలికైతది.

మన ఇంట్లో ఉన్న మిషన్లు

గట్టి వస్తువును పగలగొట్టడానికి పద్ధతులు నాలుగే. దెబ్బ కొట్టాలె, నొక్కాలె, రుద్దాలె, లేదా కోయాలె. ఎంత పెద్ద ఫ్యాక్టరీలోనైనా ఇవే ఉంటయి. ఈ నాలుగూ మన అమ్మమ్మల కాలం నుంచి మన వంటింట్లో ఉన్నవే.

రోలు, రోకలిది దెబ్బ. రోకలి చివర ఇనుప పొన్ను ఎందుకు వేస్తరు? దెబ్బ పడే చోట బరువు ఉండాలె, అరగొద్దు. సన్నెకల్లుది నొక్కుడు, రుద్దుడు రెండూ. మా గల్లీలో లోధీ అక్కలు దాన్ని సిల్‌బట్టా అంటరు. ఇసుర్రాయిని వాళ్ళు చక్కీ అంటరు. ఇసుర్రాయిలో కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతది. నడుమ గింజ పడి రాపిడికి, గంట్ల అంచుల కోతకు నలిగి, మెల్లగా అంచు దాకా జరిగి బయట పడతది. రాయి నున్నగా అయితే గింజ నలగదు, పిండి వేడెక్కుతది. అందుకే వీధుల్లో తిరిగి రోళ్ళకు, ఇసుర్రాళ్ళకు గంట్లు కొట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. పై రాయి బరువు కూడా ఊరికే పెట్టింది కాదు. ఒకసారి తిరుగుడు మొదలైతే ఆ బరువే చేతికి సాయం చేస్తది. ఇప్పటి మిషన్లకు పక్కన పెద్ద ఇనుప చక్రం ఉంటది చూడండి, దాని పని కూడా అదే.

ఇక సరోతా, అంటే వక్కలు కత్తిరించే అడకత్తెర. ఒక పక్క మడతబందు, రెండు దవడలు. ఈ సరోతాను గుర్తు పెట్టుకోండి, ముందు మళ్ళీ వస్తది.

డంగు సున్నం గానుగ

మన పక్కనున్న పురానాపూల్ 1578లో కట్టారు. చార్మినార్ 1591లో. అప్పుడు సిమెంటు లేదు. రాయిని రాయిని పట్టి ఉంచింది సున్నం. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి విరగదీసి, ఇసుక కలిపి గానుగలో నూరేవాళ్ళు. దీన్నే మన పెద్దలు డంగు సున్నం అంటరు. కరక్కాయ, బెల్లం నీళ్ళు కూడా కలిపే పద్ధతి ఉండేది.

గానుగ అంటే నేలలో గుండ్రంగా కట్టిన కాలువ. నడుమ గుంజ. గుంజకు కట్టిన అడ్డ దూలానికి బరువైన రాతి చక్రం. ఎద్దు దూలాన్ని లాగుతుంటే చక్రం కాలువలో దొర్లుతది. చూడడానికి దొర్లుడే, కానీ అందులో ఒక తెలివి ఉంది. వెడల్పు చక్రం గుండ్రటి బాటలో తిరిగితే లోపలి అంచు తక్కువ దూరం పోవాలె, బయటి అంచు ఎక్కువ దూరం పోవాలె. రాయి ఒక్కటే కాబట్టి రెండు అంచులూ సరిగా దొర్లలేవు, కొంత జారుతయి. ఆ జారుడే సున్నాన్ని రుద్ది మెత్తగా చేస్తది. నొక్కుడు, రుద్దుడు రెండూ ఒకే చక్రంతో అయినట్టు. ఈ పద్ధతి మన దగ్గరే కాదు, వేరే దేశాల్లో కూడా నూనె తీయడానికి, ఖనిజాలు నూరడానికి వాడారు.

కొండ రాయి మాత్రం గానుగకు లొంగేది కాదు. హైదరాబాద్ గుట్టల గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. అందులో ఉండే క్వార్ట్జ్ కత్తి ఇనుము కన్నా గట్టిది. రాళ్ళు కొట్టేవాళ్ళు వరసగా రంధ్రాలు చేసి, అందులో మేకులు దిగ్గొట్టి బండను చీల్చేవాళ్ళు. మంట పెట్టి వేడికి పగలనిచ్చే పద్ధతి కూడా ఉండేది. కంకర కావాలంటే మనిషి కూర్చొని సుత్తెతో కొట్టాల్సిందే.

బంగారం కోసం నూరిన రాయి

నిజాం కాలంలో రాయచూరు జిల్లా మన హైదరాబాద్ రాజ్యంలోనే ఉండేది. అక్కడి హట్టిలో సుమారు రెండు వేల ఏళ్ళ నాటి బంగారు గనుల గుర్తులు దొరికాయి. రాయిలో బంగారం కంటికి కనపడనంత సన్నగా ఉంటది. రాయిని పిండి చేస్తేనే బయటపడతది. ఆ కాలంలో ఈ పని చేతి రాళ్ళతోనే. 1947లో అక్కడ హైదరాబాద్ గోల్డ్ మైన్స్ అనే కంపెనీ పెట్టారు. అదే తర్వాత హట్టి గోల్డ్ మైన్స్ అయింది.

కోలారు గనులు, అంటే కేజీఎఫ్, అందరూ విన్నవే. జాన్ టేలర్ అండ్ సన్స్ అనే కంపెనీ 1880లో అక్కడ పని మొదలు పెట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి తెలుగు, తమిళ కూలీలు చాలామంది పోయారు. అక్కడ రాయిని నలగ్గొట్టింది స్టాంప్ మిల్లు. అది మన రోలు, రోకలే. ఇనుప రోకళ్ళను వరసగా నిలబెట్టి, తిరిగే ఇరుసుకు ఉన్న కొమ్ము ఒక్కొక్కదాన్ని పైకి లేపి వదిలేస్తది. రాత్రింబగళ్ళు అదే దడదడ. 1902లో శివనసముద్రం నుంచి కేజీఎఫ్‌కు కరెంటు వచ్చింది. ఊళ్ళల్లో దీపాలు లేని కాలంలో రాయి నూరడానికి కరెంటు వచ్చిందంటే, ఈ పనికి ఎంత బలం కావాలో చూడండి.

2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడ్డాయి. బంగారం పోయింది. నూరిన రాతి పొడి మాత్రం గుట్టలు గుట్టలుగా అక్కడే ఉంది. గాలి వీస్తే ఆ దుమ్ము ఇండ్ల మీదకు వస్తది.

మేనమామది పత్తి మిషన్, మేనల్లుడిది రాతి మిషన్

స్కాట్లండ్‌కు చెందిన మెకాడమ్ అనే ఆయన చిన్న చిన్న కంకర రాళ్ళు పరిచి గట్టి రోడ్డు వేసే పద్ధతి తెచ్చాడు. ఆ కంకర ఎవరు కొట్టారు? ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు రోడ్డు పక్కన కూర్చొని చిన్న సుత్తెలతో కొట్టారు. మన దగ్గర కూడా అంతే జరిగింది.

అమెరికాలో ఎలై విట్నీ బ్లేక్ అనే ఆయనకు 1850ల మొదట్లో తన ఊరిలో ఇట్లాంటి రోడ్డు వేయించే పని అప్పగించారు. ఈయన మేనమామ ఎలై విట్నీ పత్తి గింజలు తీసే మిషన్‌తో పేరు పడ్డవాడు. సుత్తెలతో కంకర కొట్టడానికి పట్టే రోజులు, ఖర్చు చూసి బ్లేక్ ఆలోచనలో పడ్డాడు. కొన్నేళ్ళు కష్టపడి తయారు చేసిన మిషన్‌కు 1858లో పేటెంటు వచ్చింది. అదే జా క్రషర్, అంటే దవడ మిషన్.

ఇప్పుడు సరోతాను గుర్తు తెచ్చుకోండి. దాన్ని నిలబెట్టినట్టు ఊహించండి. ఒక దవడ కదలదు. రెండో దవడ పైన మడతబందుకు వేలాడుతూ ముందుకు వెనక్కి ఊగుతది. పైన వెడల్పు, కింద ఇరుకు. పెద్ద రాయి పైన పడతది. అక్కడ దవడ కదిలేది కొంచెమే, కానీ బలం ఎక్కువ. పగిలిన ముక్క కిందికి జారుతది, మళ్ళీ నలుగుతది, ఇరుకు సందు కన్న చిన్నగా అయినంక కింద పడతది. సందు ఎంత పెడితే కంకర అంత సైజు.

నాకు అన్నిటికన్న నచ్చింది అందులో ఉన్న ఒక పలక. పొరపాటున రాయితో పాటు ఇనుప ముక్క పడితే మిషన్ మొత్తం విరగకుండా, ముందు ఆ పలక విరిగేటట్టు కావాలనే బలహీనంగా చేస్తరు. ఇంట్లో ఫ్యూజు లాగ. 1882లో ఇంగ్లండ్‌లో హాడ్‌ఫీల్డ్ అనే ఆయన మాంగనీస్ కలిపిన ఉక్కు కనిపెట్టాడు. దెబ్బలు తిన్నకొద్దీ దాని పైభాగం ఇంకా గట్టిపడతది. ఇప్పటికీ ఈ దవడలకు ఆ ఉక్కే వాడతరు. దాని గురించి చదివినప్పుడు మన ఆడవాళ్ళే గుర్తొచ్చిన్రు.

మెత్తగా కావాలంటే ఖర్చు ఎక్కువ

గిర్నీకి పోయి రవ్వ పట్టించుడు తొందరగా అయితది, మెత్తటి పిండికి టైమ్ పడతది. ఎందుకు? ఆస్ట్రియాకు చెందిన రిట్టింగర్ అనే గనుల ఇంజనీరు 1867లో దీనికి ఒక లెక్క చెప్పాడు. రెండు అంగుళాల బెల్లం దిమ్మ అనుకోండి. దాని ఆరు ముఖాలు కలిపి 24 చదరపు అంగుళాలు. దాన్ని ఒక అంగుళం ముక్కలు చేస్తే ఎనిమిది అయితయి, ముఖాలన్నీ కలిపితే 48. బెల్లం అంతే, పైభాగం రెండింతలు. కొత్తగా ఎంత పైభాగం బయటపడితే అంత బలం ఖర్చయితదని ఆయన మాట. కాబట్టి అవసరం లేకుండా మెత్తగా పట్టుడు అంటే కరెంటు బిల్లు కట్టుడే.

సిమెంటు ఫ్యాక్టరీల్లో చివరి మెత్తదనం కోసం బాల్ మిల్లు వాడతరు. పెద్ద ఇనుప పీపాలో ఉక్కు గుండ్లు వేసి తిప్పుతరు. మెల్లగా తిప్పితే గుండ్లు జారుతయి, దెబ్బ పడదు. మరీ జోరుగా తిప్పితే గోడకే అతుక్కుంటయి. నీళ్ళ బకెట్‌ను జోరుగా గిర్రున తిప్పితే నీళ్ళు కారవు కదా, అట్లాగే. రెండిటికీ నడుమ సరైన వేగం పట్టాలె.

మన వంటింటి కష్టానికి కూడా కొంతమంది ఆలోచించారు. కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన 1955లో కరెంటుతో తిరిగే రుబ్బురోలు తయారు చేశాడు. ఇడ్లీ పిండి రుబ్బే చేతులకు అది పెద్ద మేలు. బొంబాయిలో మాథుర్ అనే ఇంజనీరు భార్య వాడే జర్మనీ మిక్సర్ చెడిపోయింది. మీరే ఒకటి చేయరాదా అని ఆమె భర్తను అడిగింది. అట్లా 1963లో సుమీత్ మిక్సీ కంపెనీ మొదలైంది. పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి కూడా నలిగే మోటారు పెట్టారు. అడిగింది ఒక ఆడమనిషి అని మర్చిపోవద్దు.

దుమ్ము లెక్క

హిందీలో ధూల్ అంటే దుమ్ము. పేరులోనే దుమ్మున్న పేట మనది. వినాయకుల తయారీలో వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా కాల్చి నూరిన రాయే. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని నీళ్ళు చాలావరకు పోతయి, దాన్ని పొడి చేస్తరు. నీళ్ళు కలిపితే మళ్ళీ రాయయితది. సీజన్‌లో మన గల్లీలో చెట్టు ఆకులు కూడా తెల్లగా ఉంటయి.

మా అమ్మ సంగతి చెప్పాలె. నేను చిన్నగా ఉన్నప్పుడు అమ్మ ఊరి బయట ఒక కంకర మిషన్ దగ్గర కూలికి పోయేది. తట్టలతో చిప్స్ మోసేది. సాయంత్రం వస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. కొంగు మూతికి కట్టుకునేది, అంతే. కొన్నేళ్ళకు దగ్గు మొదలైంది. టీబీ అని మందులు మింగింది, తగ్గలేదు. చివరికి రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, సిలికోసిస్ అని చెప్పిన్రు. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. కంటికి కనపడే దుమ్ము ముక్కులోనే ఆగుతది. కనపడనంత సన్నది లోపలికి పోయి మచ్చలు చేస్తది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఈ జబ్బు పేరు రాసి ఉంది. కానీ అమ్మ పేరు ఆ మిషన్ రిజిస్టర్‌లో ఎక్కడా లేదు. పరిహారం ఎవరిని అడుగుతం? మెట్లు రెండెక్కితే కూర్చునేది. నా పెండ్లికి వంటింట్ల గుమ్మం దాటలేదు.

ఆ మిషన్‌లో దవడ ఉంది, పెద్ద చక్రం ఉంది, ఉక్కు ఉంది. మిషన్ విరగకుండా కాపాడే పలక కూడా ఉంది. నీళ్ళు చల్లే పైపు ఒక్కటే లేదు. రాయి పడే చోట నీళ్ళు చల్లి, బెల్టు మీద మూత వేస్తే దుమ్ము చాలావరకు అక్కడే అణగుతది. అది ఎవరికీ తెలియని విద్య కాదు. మనిషికి కూడా ఒక పలక కావాలని ఎవరూ అనుకోలేదు, అంతే.

మన మిషన్ సంగతి

ఇప్పుడు పల్వరైజర్‌కు వద్దాం. అందులో రాయి ఉండదు. లోపల ఇరుసుకు వేలాడే ఇనుప సుత్తెలు జోరుగా తిరిగి మిరపకాయను కొడతయి. కింద జాలి ఉంటది. జాలి రంధ్రం కన్న చిన్నగా అయ్యేదాకా వదలదు. అంటే రోకలీ, జల్లెడా ఒకే డబ్బాలో. కారం దుమ్ము సిలికోసిస్ తేదు కానీ, దగ్గు, ఆయాసం తెస్తది. సుత్తెల్లో చేయి పడితే చేయి ఉండదు.

మిషన్ వద్దు అనుడు నా మాట కాదు. వినాయకులు, రాఖీలు, పతంగులు అన్నీ సీజన్ పనులే. ఏడాది పొడుగునా చేతికి పని కావాలె. మా గ్రూపు మీటింగులో నేను పెట్టబోయే తీర్మానం ఇది. మిషన్ కొందాం, కానీ డీలర్‌ను ఈ ప్రశ్నలు అడిగినంకనే.

దుమ్ము పట్టే గుడ్డ సంచి, దాని గొట్టం ధరలోనే ఉన్నయా? పోసే గల్లా లోతు చేయి సుత్తెలకు అందనంత ఉందా? మేకులు, తీగ ముక్కలు ఆపే అయస్కాంతం ఉందా? బెల్టుకు మూత ఉందా? ఎర్తింగ్ ఎవరు చేస్తరు? జాలీలు ఎన్ని సైజులు ఇస్తరు?

ఇంకో మాట. మిషన్‌ను ఎవరింట్ల అర్రలనో పెట్టొద్దు. గాలి ఆడే వేరే జాగ కిరాయికి తీసుకుందాం. ఆ కిరాయి, దుమ్ము సంచి ఖర్చు లోన్ లెక్కలో మొదటి రోజే రాద్దాం. మిగిలితే చూద్దాం అంటే ఎన్నడూ మిగలదు. పని చేసే ప్రతి సభ్యురాలి పేరు, ఎన్ని గంటలు చేసిందో రిజిస్టర్‌లో ఉండాలె.

వాయిదా ఒక నెల తప్పితే మళ్ళీ కట్టుకుంటం. ఊపిరితిత్తులు పోతే ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. వచ్చే మీటింగుకు మా సభ్యులు అందరూ రావాలె, చేయి ఎత్తేముందు ఈ ప్రశ్నలు ఒకసారి చదవాలె. మిషన్ కొనాలనుకునే వేరే గ్రూపుల అక్కలు కూడా ఇవే ప్రశ్నలు రాసుకొని పోండి.

ఇట్లు,
ధూల్‌పేట్ గ్రూపు లీడర్