గుర్రపువాతం: ఒక తలనొప్పి చరిత్ర

ఈ పూట ఒక పాత జబ్బు చరిత్ర చెప్పుకుందాం. మన ఊళ్ళలో దాని పేరు గుర్రపువాతం. నెలలు నిండుతున్న మనిషికి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి, నోట నురగ వస్తుంది, స్పృహ తప్పుతుంది. గాలి సోకిందని వేపమండలు పట్టుకున్న ఇళ్ళు ఎన్నో. వైద్యులు వాడే ఎక్లాంప్సియా అన్న మాటకు గ్రీకులో మెరుపు అని అర్థం. ఆ పేరు వింటే చెప్పాపెట్టకుండా వచ్చేదనిపిస్తుంది గానీ, చాలాసార్లు అది చెప్పే వస్తుంది.

1843లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్ ఇలా ఫిట్స్ వచ్చిన గర్భిణుల మూత్రంలో ఆల్బుమిన్ ఉందని గమనించాడు. ఆ రోజుల్లో పరీక్షంటే మూత్రాన్ని కాచడమే; అది ఉంటే ఉడికిన తెల్లసొనలా గడ్డకడుతుంది. 1896లో ఇటలీలో రీవా-రోచి చేతికి కట్టే రక్తపోటు పట్టీ కనిపెట్టాడు. 1905లో రష్యాలో కొరొట్కోవ్ స్టెతస్కోపుతో విని కొలిచే పద్ధతి చెప్పాడు. దాంతో ఫిట్స్ రాకముందే జబ్బును పట్టుకునే దారి దొరికింది.

అయితే పట్టీ కట్టించుకోవాలంటే మనిషి ఆసుపత్రికి రావాలి కదా! అప్పటిదాకా ఆసుపత్రి అంటే నొప్పులొచ్చాక వెళ్ళే చోటు. 1901లో ఎడింబరోలో బాలంటైన్ పట్టుబట్టి గర్భిణుల కోసం ఒక మంచం వేయించాడు. ఒకే ఒక్క మంచం! 1929లో బ్రిటన్ ప్రభుత్వం ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో పట్టిక వేసింది. చివరి నెలలో వారం వారం రమ్మంది. మందు సంగతికొస్తే, 2002లో మనదేశంతో సహా 33 దేశాల్లో పదివేలమందికి పైగా స్త్రీలతో జరిపిన మాగ్‌పై పరిశోధన, మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది.

ఇన్ని ఉన్నా, రెండు అపాయింట్‌మెంట్ల మధ్య రోజుల్లో పనికొచ్చేది ఆ మనిషి నోటి మాటే. నేను ఈ దేశంలో ఆసుపత్రులకు తెలుగు దుబాసీగా వెళుతుంటాను. మనవాళ్ళు ఊరికే తలనొప్పి అనరు. "తల దిమ్ముగా ఉందండీ" అంటారు, "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి" అంటారు, "గాజులు బిగుసుకున్నాయి" అంటారు. ఎంత చక్కటి వర్ణన! అదే మిడ్‌వైఫ్ ఇంగ్లీషులో ఎలా ఉన్నారని అడిగితే మాత్రం "ఫైన్".

ముందు ఫోను వెళ్ళేది అమ్మకి. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళు రోకళ్ళలా వాచాయే, ఏమైంది?" అంటుందామె. అబద్ధం కాదు, కాళ్ళవాపు చాలామందికి మామూలే. మొహం, చేతులు ఒక్కసారిగా ఉబ్బితే అది వేరే సంగతి. తొలికాన్పుకి పుట్టింటికి తీసుకెళ్ళే ఆచారంలో ఒక మేలుంది: రోజూ ఎదురుగా చూసే తల్లికి ఆ మొహంలో తేడా తెలుస్తుంది. వీడియో కాల్‌లో అమ్మకి ఏం తెలుస్తుంది పాపం?

2018-20 లెక్కల్లో బ్రిటన్‌లో గర్భిణిగానో బాలింతగానో, అన్ని కారణాలూ కలిపి, చనిపోయే ముప్పు తెల్లవాళ్ళకంటే ఆసియా స్త్రీలకు దాదాపు రెట్టింపు, నల్లజాతి స్త్రీలకు నాలుగింతలకు దగ్గర.

అందుకని అమ్మాయిలూ, అయిదో నెల దాటాక తగ్గని తలనొప్పి, కళ్ళముందు మెరుపులో మసకో, పక్కటెముకల కింద నొప్పి, దానితో వాంతులు, మొహం వాపు — వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా సరే ముందు ప్రసూతి విభాగానికి ఫోన్ చెయ్యండి. ఎన్నో వారమో చెప్పండి, ఎప్పటినించి ఉందో చెప్పండి. తెలుగు దుబాసీ కావాలని అడిగితే డబ్బు తీసుకోరు. అమ్మకి ఆ తరవాత చెప్పవచ్చు. పురుడు వచ్చింది కదా, ఇక గండం గడిచిందనుకోకండి. పురుడయ్యాక కూడా, ముఖ్యంగా మొదటి రెండు రోజుల్లో, ఒక్కోసారి కొన్ని వారాలకు కూడా గుర్రపువాతం వస్తుంది. బాలింత తలనొప్పంటే, నిద్రలేక వచ్చిందిలే అని ఇంట్లోవాళ్ళు ఊరుకోవద్దు.