మెయిలింగ్ లిస్టులు, వెబ్ ఫోరాలు: అభిరుచి బృందాల చర్చల చరిత్ర

తోటపని, బొమ్మ రైళ్లు, హామ్ రేడియో, పాత పాటల సేకరణ వంటి అభిరుచులున్నవారు ఎక్కడెక్కడో ఉంటూనే కలిసి మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్‌లో స్థిరపడిన పద్ధతుల్లో ముఖ్యమైనవి ఇవి రెండు. మెయిలింగ్ లిస్టులో ఒకరు రాసిన ఉత్తరం సభ్యులందరికీ మెయిల్‌గా చేరుతుంది. ఫోరంలో రాసినది సర్వరులో ఒకచోటే ఉంటుంది, చదవాలనుకున్నవారే అక్కడికి వెళ్లాలి. రాసిన మాట ఎవరి దగ్గర నిలిచి ఉంటుందన్న ఈ తేడాయే రెండింటి బాగోగులనూ, చాలావరకు వాటి ఆయుష్షునూ నిర్ణయించింది.

తొలి మెయిలింగ్ లిస్టులు అమెరికాలోని అర్పానెట్‌లో పుట్టాయి. 1975లో మొదలైన ఎంఎస్‌జి గ్రూప్ ఇ-మెయిల్ గురించే చర్చించేది. కేవలం ఇష్టం కొద్దీ నడిచినవాటిలో పేరుపొందింది సైన్స్ ఫిక్షన్ అభిమానుల ఎస్ఎఫ్-లవర్స్. 1979లో మొదలైన ఈ లిస్టుకు ఉత్తరాలు వెల్లువెత్తి యంత్రాలకు భారం కావడంతో, వాటిని కూర్చి ఒకే సంచికగా పంపసాగారు. డైజెస్టు పద్ధతి ఇలాంటి అవసరం నుంచి వచ్చినదే. ఫోరానికి పూర్వరూపం వేరేచోట తయారైంది. 1978 జనవరిలో షికాగోను ముంచెత్తిన మంచు తుపాను రోజుల్లో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు కంప్యూటర్ అభిరుచిపరులు ఒక ఎలక్ట్రానిక్ నోటీసుబోర్డును నిర్మించడం మొదలుపెట్టి ఫిబ్రవరికల్లా నడిపించారు. దానికి ఉన్నది ఒక్క టెలిఫోన్ లైను. ఒకరు చదివి ఫోను పెట్టేస్తేగాని ఇంకొకరికి అవకాశం ఉండేది కాదు.

ఈ రెండింటికీ నడుమ నిలిచింది యూజ్‌నెట్. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ దానికి రూపకల్పన చేశారు. సందేశాల నకళ్లు ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు పాకుతూ పోయేవి. తోటపనికీ హామ్ రేడియోకూ రైలు నమూనాలకూ అందులో విడివిడి శాఖలు ఏర్పడ్డాయి. మెయిలింగ్ లిస్టుల విస్తరణకు అసలు ఊపు 1986లో వచ్చింది. అంతవరకు బిట్‌నెట్ అనే నెట్‌వర్కులోని లిస్టుల్లో ఎవరు చేరాలన్నా ఒక మనిషి చేత్తో పేరు ఎక్కించాలి. పారిస్‌లో చదువుకుంటున్న ఎరిక్ తోమా రాసిన లిస్ట్‌సర్వ్ ఆ పనిని ప్రోగ్రాముకు అప్పగించింది.

తెలుగువారు ఈ చరిత్రలోకి ప్రవాసం దారిన వచ్చారు. యూజ్‌నెట్‌లోని సాక్.కల్చర్.ఇండియన్.తెలుగులో అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగు విద్యార్థులు సాహిత్యం, సినిమా, రాజకీయాల మీద వాదించుకునేవారు. అప్పటి సందేశాల్లో తెలుగు లిపికి చోటు లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్టీఎస్ లిప్యంతరీకరణ ఆ కొరత తీర్చింది. ఇంగ్లిష్ అక్షరాలతోనే దీర్ఘాలనూ ఒత్తులనూ తేడా తెలిసేలా రాసే ఈ పద్ధతి, ఒక అభిరుచి బృందం భాషకు చేసిన సేవల్లో చాలా విలువైనది. తరవాత యాహూలో నడిచిన రచ్చబండ గుంపులో ఛందస్సు మీద, కవిత్వం మీద సుదీర్ఘ చర్చలు సాగాయి. భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. లైను కలిపి ఉంచినంతసేపూ ఖర్చే కాబట్టి, ఉత్తరాలు దించుకుని లైను తెంపేసి తీరిగ్గా చదువుకునే వీలున్న మెయిలే ఇక్కడివారికి అనువైనది.

వెబ్ ఫోరాలు 1990ల నడుమ మొదలై, 2000లో వచ్చిన పీహెచ్‌పీబీబీ, వీబులెటిన్ వంటి సాఫ్ట్‌వేర్లతో ఇంటింటి వ్యవహారమయ్యాయి. పీహెచ్‌పీబీబీ ఉచితం కావడంతో చిన్న సర్వరు అద్దెకు తీసుకోగలిగిన ఎవరైనా ఫోరం పెట్టగలిగారు. కొత్తవాడికి ఫోరం నిజంగా మేలు చేసింది. పాత కెమెరా విప్పి బాగుచేయడం వంటి పనిలో బొమ్మలు వరసగా పెట్టి చూపించవచ్చు, పదేళ్ల కిందటి జవాబును వెతికి పట్టుకోవచ్చు. లిస్టులోనైతే అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చి పాత సభ్యులకు విసుగు పుట్టేది. కాని లిస్టు సభ్యుడు ఏ ప్రయత్నమూ లేకుండానే చర్చలో ఉంటాడు. ఫోరానికి రావడం మానేసిన మనిషి మాత్రం నెమ్మదిగా బృందానికే దూరమవుతాడు. తక్కువమంది, ఎక్కువ పరిచయం ఉన్న బృందాలు లిస్టులను అంత తేలిగ్గా వదలకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఆ తరవాతి దెబ్బలు ఎక్కువగా చర్చించేవారి చేతిలో లేని చోట్ల తగిలాయి. 2014 ఏప్రిల్‌లో యాహూ దొంగ మెయిళ్లను అరికట్టే నిబంధన కఠినం చేయగా, యాహూ చిరునామాల నుంచి లిస్టులకు రాసిన ఉత్తరాలు చాలామందికి చేరక తిరిగివచ్చాయి. 2017లో ఫొటోబకెట్ తన దగ్గర దాచిన బొమ్మలను వేరే సైట్లలో చూపించాలంటే ఏటా సుమారు 400 డాలర్లు కట్టాలంది. మోడల్ విమానాల ఫోరాల నుంచి మోటార్‌సైకిల్ ఫోరాల దాకా ఏళ్ల తరబడి ఓపిగ్గా రాసిన మార్గదర్శకాల్లో బొమ్మలు ఒక్కసారిగా మాయమయ్యాయి. యాహూ గ్రూప్స్ నష్టం వీటికంటే పెద్దది. 2000లో సుమారు 43 కోట్ల డాలర్ల షేర్లిచ్చి ఈగ్రూప్స్‌ను కొన్న యాహూ, దాని మీద కట్టుకున్న సేవలోని పాత సందేశాలను తొలగిస్తున్నట్టు 2019 అక్టోబరులో ప్రకటించి, 2020 డిసెంబరు 15న సేవనే మూసేసింది. ఆర్కైవ్ టీమ్ స్వచ్ఛంద సేవకులు కాపాడగలిగినంత కాపాడారు. సొంతంగా ప్రతులు దాచుకున్న సభ్యులున్న గుంపుల చరిత్ర కూడా కొంత మిగిలింది. తక్కినవి పోయాయి. సందేశాలను దాచుకోవడానికి ఇచ్చిన వ్యవధి అన్యాయంగా తక్కువ.

మూతపడ్డ గుంపుల్లో చాలా హామ్ రేడియో బృందాలు గ్రూప్స్.ఐఓ అనే లిస్టు సేవకు మారాయి. 2014లో దాన్ని స్థాపించిన మార్క్ ఫ్లెచర్, ఈగ్రూప్స్‌లో కలిసిన వన్‌లిస్ట్‌కూ స్థాపకుడే. 2013లో వెలువడిన డిస్కోర్స్ ఫోరం సాఫ్ట్‌వేరు ఫోరం వైపు నుంచి మెయిలింగ్ లిస్టుకు దగ్గరగా వచ్చింది. అందులో కోరుకున్న సభ్యుడు ప్రతి సందేశాన్నీ మెయిల్‌గా తెప్పించుకోవచ్చు, నిర్వాహకులు ఆ ఏర్పాటు చేసి ఉంటే మెయిల్‌లోనే జవాబివ్వవచ్చు.