వీడియో గేముల విషయ ప్రాముఖ్యత

ఒక వీడియో గేమును గురించి విజ్ఞాన సర్వస్వంలో ప్రత్యేక వ్యాసం ఉండవచ్చునా, లేదా అని నిర్ణయించుటకు వికీపీడియా సభ్యులు పాటించే కొలబద్దను విషయ ప్రాముఖ్యత అంటారు. 2001 జనవరి 15న ఆంగ్ల వికీపీడియా మొదలైనపుడు ఇటువంటి నియమం లేదు. వ్యాసాలు పెరిగి, వాటిలో సరిచూడ వీలులేనివి కూడా పెరిగిన తరువాత ఇది క్రమంగా రూపుదిద్దుకొన్నది. టెట్రిస్‌కు వ్యాసం ఎందుకని ఎవరూ అడగరు. చిక్కంతా ఒకరిద్దరు తయారుచేసి, ఉచితంగా పంచిపెట్టిన చిన్న పజిల్ గేములతోనే వస్తుంది. ఆడినవారు వేలల్లో ఉండవచ్చును, వాటిని గురించి వ్రాసినవారు మాత్రం కనబడరు.

కొలబద్ద

గేము బాగున్నదా, కొత్తదనం ఉన్నదా, ఎంతమంది ఆడుతున్నారు అన్న ప్రశ్నలకు ఇక్కడ తావు లేదు. ఆ గేముతో సంబంధం లేనివారు, నమ్మదగిన ప్రచురణలలో, దానిని గురించి చెప్పుకోదగినంత విపులంగా వ్రాసినారా అన్నదే చూస్తారు. "ప్రాముఖ్యత" అను తెలుగు మాట ఈ విషయంలో కొంత తప్పుదారి పట్టిస్తుంది. అది గొప్పతనాన్ని సూచిస్తుంది కాని, నియమం అడిగేది గొప్పతనం కాదు, వ్రాతపూర్వకమైన ఆధారం.

తయారీదారు వెబ్‌సైటు, అతడు విడుదల చేసిన ప్రకటన సంబంధం లేని మూలాలు కావు. ఉచిత గేముల జాబితాలో ఒక పంక్తి దొరికినచో అది ప్రస్తావన మాత్రమే. మోబీగేమ్స్ వంటి భాండాగారాలు ప్రసిద్ధమైన గేములనూ, ఎవరికీ తెలియని గేములనూ ఒకే విధంగా నమోదు చేస్తాయి కనుక వాటిలో పేరుండుట కూడా చాలదు. డౌన్‌లోడుల సంఖ్య కూడా అంతే.

ఇంత పట్టుదల ఎందుకన్నచో, స్వతంత్ర మూలాలు లేని గేమును గురించి వ్రాయగలిగినది చాలా తక్కువ. నియమాలు, స్థాయిల వివరాలు, తయారీదారు తన గేమును గురించి తాను చెప్పుకొన్న మాటలు మిగులుతాయి. అది ఆట సూచనల పుస్తకమో, ప్రకటనో అవుతుంది. అయితే మూలం ఇంటర్నెట్లో దొరకవలెనన్న నిబంధన లేదు. పాత అచ్చు పత్రిక చెల్లుతుంది. ఏ భాషలోనిదైనా చెల్లుతుంది. ఒకసారి ఏర్పడిన ప్రాముఖ్యత కాలం గడిచినంత మాత్రాన పోదు.

సేమ్‌గేమ్ ఉదాహరణ

రంగురంగుల గళ్ళతో నిండిన పలకపై, ఒకే రంగుగల రెండు లేక అంతకంటే ఎక్కువ గళ్ళు పక్కపక్కన ఉన్నచోట నొక్కితే అవి మాయమవుతాయి. పైవి కిందికి జారుతాయి. ఒక నిలువు వరుస పూర్తిగా ఖాళీ అయితే మిగిలిన వరుసలు దగ్గరకు జరుగుతాయి. పలకను పూర్తిగా ఖాళీ చేయుట లక్ష్యం. ఈ ఆటను చాలామంది ఎరుగుదురు కాని ఒకే పేరుతో ఎరుగరు. గ్నోమ్‌లో ఇది ఒకప్పుడు సేమ్ గ్నోమ్, కేడీఈలో ఒకప్పుడు కేసేమ్, విండోస్ మొబైల్ పరికరాలలో జాబ్రేకర్, తరువాత బబుల్ బ్రేకర్. క్లికోమేనియా అన్న పేరు కూడా కలదు.

దీనిని 1985లో జపానుకు చెందిన కునియాకి మోరిబే "చెయిన్ షాట్!" అను పేరుతో తయారుచేసినాడు. ఫుజిట్సు ఎఫ్ఎం-8, ఎఫ్ఎం-7 కంప్యూటర్ల కొరకు గెక్కాన్ ఆస్కీ అను మాసపత్రిక ద్వారా ఇది వెలువడినది. 1992లో యూనిక్స్‌కు మార్చినపుడు సేమ్‌గేమ్ అన్న పేరు వచ్చినది.

"చెయిన్ షాట్!" పేరుతో మాత్రమే ఎవరైనా వ్యాసం మొదలుపెట్టి ఉంటే అది నిలిచేదా అన్నది సందేహమే. గెక్కాన్ ఆస్కీ పేరున్న పత్రికే అయినా, ఆ గేమును పాఠకులకు అందించినది తానే కనుక దానిని స్వతంత్ర సాక్షిగా లెక్కించుట కష్టం. తరువాతి రూపాలేమో ఇతర సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చినవి. అటువంటి గేములకు ఎవరూ విడిగా సమీక్షలు వ్రాయరు.

ఆధారం గణిత శాస్త్రం నుండి వచ్చినది. ఇచ్చిన పలకను పూర్తిగా ఖాళీ చేయవచ్చునా, లేదా అని తేల్చుట రెండు నిలువు వరుసలు, ఐదు రంగులు ఉన్నప్పుడే ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అవుతుందని 2002లో ప్రచురితమైన ఒక పరిశోధన వ్యాసం నిరూపించినది. ఎరిక్ డిమెయిన్ దాని రచయితలలో ఒకడు. ఐదు వరుసలు, మూడు రంగులకు కూడా ఇదే ఫలితం. ఒకే వరుస ఉంటే మాత్రం సమస్య సులభం. 2008లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒంటరి ఆటగాడి ఆటలకు మాంటే కార్లో వృక్ష శోధన పద్ధతిని పరీక్షించుటకు సేమ్‌గేమ్‌నే ఎన్నుకొన్నారు. మోరిబే పేరు, 1985వ సంవత్సరం, పత్రిక పేరు ఆ వ్యాసంలో నమోదై ఉన్నవి. తన ఆట ఎందరి చేతులలోనో వేరు వేరు పేర్లతో తిరుగుతుండగా, కర్త పేరు నిలిచినది ఇటువంటి పత్రాలలోనే. పరిశోధకులు మరొక ఆటను ఎన్నుకొని ఉంటే అదే గేము, అంతే మంది ఆటగాళ్ళతో, ఈ కొలబద్దకు తట్టుకొనేది కాదేమో.

తొలగింపు చర్చ

ప్రాముఖ్యతపై సందేహం వచ్చిన వ్యాసాన్ని ఆంగ్ల వికీపీడియాలో తొలగింపు చర్చకు పెడతారు. చర్చ సాధారణంగా 7 రోజులు సాగుతుంది. ఓట్ల లెక్క కంటే వాదనల బలం ప్రధానం. "నేను చిన్నప్పుడు ఆడినాను" అన్నది వాదన కాదు, పత్రిక సంచిక సంఖ్య చెప్పుట వాదన. తొలగించుట ఒక్కటే మార్గం కాదు. వ్యాసాన్ని మరొక వ్యాసంలో విలీనం చేయవచ్చును, లేదా దారిమార్పుగా మార్చవచ్చును. చిన్న పజిల్ గేములకు చాలాసార్లు ఇదే తగిన పరిష్కారం. సేమ్‌గేమ్ రూపాంతరాలకు విడివిడి వ్యాసాల కంటే ఒకే వ్యాసం, మిగిలిన పేర్ల నుండి దారిమార్పులు మేలు.

తీర్పు తప్పిన సందర్భాలూ ఉన్నవి. గేములపై వ్యంగ్య సమీక్షలకు పేరుపొంది, 2002లో ఆగిపోయిన ఓల్డ్ మాన్ ముర్రే వెబ్‌సైటు వ్యాసాన్ని 2011 మార్చిలో ప్రాముఖ్యత లేదని తొలగించినారు. దాని రచయితలు ఎరిక్ వోల్పా, చెట్ ఫాలిస్జెక్ తరువాత ప్రసిద్ధ పజిల్ గేము పోర్టల్ రచనలో పాల్గొన్నవారే. గేముల పత్రికలలో నిరసన వచ్చినది, వ్యాసం కొద్ది రోజులలోనే పునరుద్ధరింపబడినది. దీనివలన ఒక లోపం బయటపడినది. నెట్‌లో మొదట కనిపించే ఫలితాలనే చూచి, అచ్చులో వచ్చినవాటిని వెతకకుండా మూలాలు లేవనుట సులభం. చిన్న సంస్థల గేముల సమీక్షలు పాత పత్రికలలో, మూతబడిన వెబ్‌సైట్లలో ఉండిపోయినవి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని ప్రతులు ఈ వెతుకులాటకు బాగా ఉపకరిస్తాయి.

తెలుగులో

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైనది. వీడియో గేములపై తెలుగులో విపులమైన సమీక్షలు అరుదు కనుక తెలుగు మూలాలే కావలెనన్నచో ఈ రంగంలో వ్యాసాలు దాదాపు వ్రాయలేము. ఆంగ్ల, జపనీస్ మూలాలను ఆధారంగా చూపవచ్చును. కాని ఆంగ్ల వికీపీడియాలో వ్యాసం ఉన్నదన్నది స్వతహాగా ఆధారం కాదు. అనువదించేవారు అక్కడ పేర్కొన్న మూలాలను తెరచి చూడవలసి ఉంటుంది. మూలం తెరుచుకోని వ్యాసాన్ని రెండు పంక్తుల మొలకగా వదలుట కంటే, ఆ రకపు గేముల జాబితాలో ఒక పద్దుగా చేర్చవచ్చును.