టామ్ ఫ్లెచర్

టామ్ ఫ్లెచర్ (జననం: జులై 17, 1985) ఇంగ్లాండుకు చెందిన పాప్ గాయకుడు, గిటారు వాద్యకారుడు, గీతరచయిత మరియు బాలసాహిత్య రచయిత. ఇతని పూర్తి పేరు థామస్ మైకేల్ ఫ్లెచర్. 2003లో ఏర్పడిన మెక్‌ఫ్లై అనే పాప్ బృందంలో గిటారు వాద్యకారుడిగా, ఇద్దరు ప్రధాన గాయకులలో ఒకడిగా ప్రసిద్ధి పొందాడు. 2012 నుండి చిన్నపిల్లల కోసం సచిత్ర కథాపుస్తకాలను, 2016 నుండి కొంచెం పెద్ద పిల్లల కోసం నవలలను వ్రాస్తున్నాడు. 2025లో లండనులో ప్రదర్శన ప్రారంభమైన 'పాడింగ్టన్' సంగీత నాటకానికి పాటలు వ్రాసి, బాణీలు కట్టాడు.

పాప్ సంగీతంలో పేరు తెచ్చుకున్నవారు పిల్లల పుస్తకాలు ప్రచురించడం బ్రిటనులో కొత్త కాదు. అయితే వారిలో చాలామంది ఒకటి రెండు పుస్తకాలతో ఆగిపోయారు. ఫ్లెచర్ పుష్కర కాలానికి పైగా ఈ రంగంలో కొనసాగుతూ దానిని తన రెండవ వృత్తిగా మలచుకున్నాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఫ్లెచర్ లండను మహానగరంలోని హారో ప్రాంతంలో జన్మించాడు. ఇతని చెల్లెలు క్యారీ హోప్ ఫ్లెచర్ కూడా రంగస్థల నటిగా, గాయనిగా, రచయిత్రిగా పేరు పొందింది. నటన, నాట్యం, గానం నేర్పే సిల్వియా యంగ్ థియేటర్ స్కూలులో ఫ్లెచర్ చదువుకున్నాడు. బాల్యంలోనే లండన్ పల్లాడియం నాటకశాలలో 'ఆలివర్!' అనే సంగీత నాటకంలో ప్రధాన పాత్రయైన ఆలివర్‌గా నటించాడు. చార్లెస్ డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్' ఆధారంగా లయొనెల్ బార్ట్ రూపొందించిన నాటకమిది. కథను పాటల ద్వారా నడిపించే పద్ధతితో ఫ్లెచర్‌కు ఈ విధంగా చిన్ననాడే పరిచయం ఏర్పడింది.

సంగీత ప్రస్థానం

బస్టెడ్ బృందంతో సంబంధం

2000 దశకం ఆరంభంలో బస్టెడ్ అనే పాప్ బృందం కోసం జరిగిన ఎంపికలలో ఫ్లెచర్ పాల్గొన్నాడు. మొదట ఇతనిని ఎంపిక చేసినప్పటికీ, బృందంలో ముగ్గురే ఉండాలని నిర్వాహకులు తరువాత నిర్ణయించడంతో ఆ అవకాశం చేజారిపోయింది. కాని ఆ బృంద సభ్యుడైన జేమ్స్ బోర్న్‌తో కలిసి పాటలు వ్రాయడం మాత్రం కొనసాగించాడు. వీరిద్దరూ వ్రాసిన 'క్రాష్డ్ ద వెడ్డింగ్' అనే పాట 2003 నవంబరులో బ్రిటిష్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరుకుంది. అప్పటికి ఫ్లెచర్ వయస్సు 18 సంవత్సరాలు. ఆ విధంగా ప్రేక్షకులకు ముఖపరిచయం కలగక మునుపే ఇతను గీతరచయితగా విజయం సాధించాడు.

మెక్‌ఫ్లై

మరొక బృందం కోసం ఎంపికలు జరుగుతుండగా, అక్కడికి వచ్చిన అభ్యర్థులను వీడియో తీసే పని ఫ్లెచర్‌కు అప్పగించారు. అక్కడ ఇతనికి డానీ జోన్స్ అనే యువ గిటారు వాద్యకారుడు పరిచయమయ్యాడు. ఇద్దరూ కలిసి పాటలు కట్టడం ప్రారంభించారు. పత్రికా ప్రకటన ద్వారా బేస్ గిటారు వాద్యకారుడు డగీ పాయింటర్, డ్రమ్స్ వాద్యకారుడు హ్యారీ జడ్ వీరితో చేరారు. 1985 నాటి హాలీవుడ్ చిత్రం 'బ్యాక్ టు ద ఫ్యూచర్'లోని కథానాయకుడు మార్టీ మెక్‌ఫ్లై పేరు మీదుగా బృందానికి మెక్‌ఫ్లై అని పేరు పెట్టారు.

2004లో విడుదలైన వీరి మొదటి పాట 'ఫైవ్ కలర్స్ ఇన్ హర్ హెయిర్' నేరుగా అగ్రస్థానంలో ప్రవేశించింది. అదే సంవత్సరం జులైలో వెలువడిన మొదటి ఆల్బం 'రూమ్ ఆన్ ద థర్డ్ ఫ్లోర్' కూడా అగ్రస్థానం పొందింది. తొలి ఆల్బంతోనే నేరుగా మొదటి స్థానానికి చేరిన అతి పిన్న వయస్కుల బృందంగా మెక్‌ఫ్లై గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. అంతకు మునుపు ఆ ఘనత బీటిల్స్ పేరిట ఉండేది. 2005లో ఉత్తమ పాప్ కళాకారుల విభాగంలో వీరికి బ్రిట్ పురస్కారం లభించింది. ఆ సంవత్సరమే ధార్మిక సంస్థ కామిక్ రిలీఫ్ సహాయార్థం విడుదల చేసిన 'ఆల్ అబౌట్ యూ' అనే పాట అగ్రస్థానంలో నిలిచింది. ఈ పాటను ఫ్లెచర్ తన ప్రియురాలు, తరువాతి కాలంలో భార్య అయిన జొవానా కోసం వ్రాశాడు. మొత్తం మీద ఈ బృందం విడుదల చేసిన ఏడు సింగిల్స్ బ్రిటనులో మొదటి స్థానం పొందాయి.

2008లో బృందం పెద్ద రికార్డు సంస్థను వీడి, సూపర్ రికార్డ్స్ పేరుతో సొంత సంస్థను నెలకొల్పుకొంది. ఆ సంవత్సరపు ఆల్బం 'రేడియో యాక్టివ్'ను ముందుగా ఒక ఆదివారం వార్తాపత్రికతో పాటు పాఠకులకు ఉచితంగా పంచిపెట్టారు. 2013లో మెక్‌ఫ్లై సభ్యులు నలుగురూ, బస్టెడ్ సభ్యులలో ఇద్దరూ కలిసి మెక్‌బస్టెడ్ పేరుతో ఒక సంయుక్త బృందంగా ఏర్పడ్డారు. ఒకప్పుడు బస్టెడ్‌లో చోటు కోల్పోయిన ఫ్లెచర్, ఈ విధంగా పదేళ్ళ తరువాత ఆ బృంద సభ్యులతో కలిసి వేదిక ఎక్కాడు. 2016 తరువాత కొంత విరామం తీసుకున్న మెక్‌ఫ్లై 2019లో తిరిగి ప్రదర్శనలు ఇచ్చింది. 2020లో 'యంగ్ డమ్ థ్రిల్స్', 2023లో 'పవర్ టు ప్లే' అనే ఆల్బంలను వెలువరించింది.

ఇతరుల కోసం వ్రాసిన పాటలు

ప్రపంచ ప్రసిద్ధి పొందిన వన్ డైరెక్షన్ బృందానికి కూడా ఫ్లెచర్ పాటలు అందించాడు. వారి మొదటి ఆల్బం (2011)లోని 'ఐ వాంట్' ఇతను ఒంటరిగా వ్రాసినది. రెండవ ఆల్బం (2012)లోని 'ఐ వుడ్', మూడవ ఆల్బం (2013)లోని 'డోంట్ ఫర్గెట్ వేర్ యూ బిలాంగ్' అనే పాటల రచనలో కూడా ఇతని భాగస్వామ్యం ఉంది.

బాలసాహిత్యం

సచిత్ర కథాపుస్తకాలు

ఫ్లెచర్ మొదటి పిల్లల పుస్తకం 'ద డైనోసార్ దట్ పూప్డ్ క్రిస్మస్' 2012లో వెలువడింది. దీనిని తన బృంద సహచరుడు డగీ పాయింటర్‌తో కలిసి వ్రాశాడు. చిత్రకారుడు గ్యారీ పార్సన్స్ బొమ్మలు గీశాడు. ఎన్ని కానుకలు వచ్చినా తృప్తిపడని డానీ అనే బాలునికి క్రిస్మస్ తాత ఒక పెద్ద గుడ్డును ఇస్తాడు. అందులోనుండి పుట్టిన డైనోసార్ పండుగ కోసం సిద్ధం చేసిన సమస్తాన్నీ మింగివేస్తుంది. మింగినదంతా చివరకు ఏ మార్గాన బయటికి వస్తుందో పుస్తకం పేరే చెబుతుంది. అత్యాశ తగదనే నీతి ఇందులో ఉన్నప్పటికీ, దానిని ఉపదేశంగా కాక పిల్లలు పగలబడి నవ్వే హాస్యంగా చెప్పడం వలన పుస్తకం ఆదరణ పొందింది. తరువాత ఇదే వరుసలో మరికొన్ని పుస్తకాలు వచ్చాయి.

2017లో గ్రెగ్ అబ్బాట్ బొమ్మలతో వచ్చిన 'దేర్స్ ఎ మాన్‌స్టర్ ఇన్ యువర్ బుక్' మరొక వరుసకు నాంది పలికింది. పుస్తకంలో దూరిన ఒక చిన్న భూతాన్ని బయటికి తరమడానికి పుస్తకాన్ని ఊపమని, వంచమని, గట్టిగా ఊదమని రచయిత పిల్లలను కోరుతాడు. పేజీ తిప్పగానే ఆ చేష్టల ఫలితం బొమ్మలో కనిపిస్తుంది. ఇంకా చదవడం రాని పిల్లలు కూడా కథలో పాత్రధారులు కావడం దీని ప్రత్యేకత. భూతం తరువాత డ్రాగన్, గ్రహాంతర జీవి వంటి పాత్రలతో ఈ వరుస కొనసాగింది.

నవలలు

2016లో పఫిన్ సంస్థ ప్రచురించిన 'ద క్రిస్మసారస్' ఫ్లెచర్ మొదటి నవల. దీనికి షేన్ డెవ్రీస్ బొమ్మలు వేశాడు. కథానాయకుడు విలియం ట్రండిల్ తండ్రితో కలిసి నివసించే బాలుడు. అతను చక్రాల కుర్చీలో తిరుగుతూ ఉంటాడు. పాఠశాలలో ఒక బాలిక వేధింపులకు గురవుతూ ఉంటాడు. క్రిస్మస్ కానుకగా డైనోసార్ కావాలని కోరుకున్న ఈ బాలునికి, ఉత్తర ధ్రువంలో మంచులో దొరికిన గుడ్డు నుండి పుట్టిన ఒక వింత డైనోసార్ తారసపడుతుంది. విలియంకు వైకల్యం ఉన్నప్పటికీ కథ అంతా దాని చుట్టూ తిరగదు. అతను జాలిపడవలసిన పాత్రగా గాక, సాహసం చేసే నాయకుడిగా కనిపిస్తాడు.

ఈ నవల కోసం ఫ్లెచర్ కొన్ని పాటలు కూడా వ్రాశాడు. 2017లో పాటలతో కూడిన ప్రత్యేక ముద్రణ వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరులో లండనులోని హేమర్‌స్మిత్ అపోలో ప్రదర్శనశాలలో కథను రంగస్థలం మీద ప్రదర్శించారు.

2017లో వచ్చిన 'ద క్రీకర్స్' నవలలో ఒక ఊరిలోని పెద్దలందరూ ఒక్క రాత్రిలో మాయమవుతారు. పెద్దలు లేని స్వేచ్ఛకు మిగిలిన పిల్లలు మొదట సంబరపడినా, లూసీ అనే బాలిక మాత్రం తన తల్లిని వెదుకుతూ మంచం క్రింద ఉన్న మరొక లోకంలోకి ప్రవేశిస్తుంది. 2022 నాటి 'స్పేస్ బ్యాండ్' నవలలో ముగ్గురు పిల్లల సంగీత బృందం భూమిని కాపాడడం కోసం గ్రహాంతర సంగీత పోటీలో పాల్గొంటుంది. దీనికి తోడుగా మెక్‌ఫ్లై బృందం పాటలు రికార్డు చేసింది. భార్య జొవానాతో కలిసి ఫ్లెచర్ కౌమార వయస్కుల కోసం 'ఈవ్ ఆఫ్ మ్యాన్' (2018) అనే నవలను కూడా వ్రాశాడు. యాభై సంవత్సరాలుగా ఆడపిల్లలు పుట్టని ప్రపంచంలో జన్మించిన ఒక బాలిక కథ ఇది.

రచనా శైలి

ఫ్లెచర్ పుస్తకాలలో గీతరచయిత లక్షణాలు స్పష్టంగా కనిపిస్తాయి. డైనోసార్ వరుస పుస్తకాలు పూర్తిగా అంత్యప్రాసలతో నడుస్తాయి. పాటలో ప్రతి చరణం తరువాత పల్లవి తిరిగి వచ్చినట్లుగా, ఈ కథలలో ఒకే ఘటన కొద్ది మార్పుతో పదేపదే వస్తుంది. ఇక ఏమి జరుగబోతుందో పిల్లలు ముందే ఊహించి, పెద్దలతో గొంతు కలుపుతారు. పడుకునే ముందు తల్లిదండ్రులు బిగ్గరగా చదివి వినిపించే పుస్తకాలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. నవలలలో కథకుడు మధ్యమధ్యలో కథను ఆపి నేరుగా పాఠకునితో మాట్లాడడం కూడా ఇతని రచనలలో తరచుగా కనిపిస్తుంది.

విమర్శలు

బ్రిటనులో ప్రముఖులు పిల్లల పుస్తకాలు వ్రాయడం 2010 దశకంలో బాగా పెరిగింది. ప్రపంచ పుస్తక దినోత్సవం సందర్భంగా బ్రిటన్, ఐర్లాండు దేశాల పిల్లలకు ఒక పౌండు విలువగల కూపన్లు ఇస్తారు. వాటితో ప్రత్యేకంగా ముద్రించిన చిన్న పుస్తకాలలో ఒకదానిని ఉచితంగా పొందవచ్చు. ఇంటిలో పుస్తకాలు లేని పిల్లలకు ఇదే మొదటి సొంత పుస్తకం కావచ్చు. 2018 సంవత్సరపు పుస్తకాల జాబితాను 2017లో ప్రకటించినప్పుడు, అందులో టెలివిజన్, సంగీత రంగాల ప్రముఖుల పేర్లు ఎక్కువగా ఉన్నాయని పలువురు బాలసాహిత్య రచయితలు ఆక్షేపించారు. ఫ్లెచర్ వ్రాసిన 'బ్రెయిన్ ఫ్రీజ్' కూడా ఆ జాబితాలో ఉంది.

ప్రసిద్ధమైన పేరు చూసి దుకాణాలు ఆ పుస్తకాలకే అరలు కేటాయిస్తే, జీవితాంతం పిల్లల కోసమే వ్రాస్తున్నవారికి చోటు దొరకదన్నది ఆక్షేపణలోని సారాంశం. తెలిసిన ముఖం ఉంటే పుస్తకం పట్టని పిల్లలు కూడా చదువుతారన్నది దానికి ఎదురు వాదన. ఫ్లెచర్ విషయంలో ఈ రెండు వాదనలూ వర్తిస్తాయి. ఇతని మొదటి పుస్తకానికి మెక్‌ఫ్లై పేరు తోడ్పడిందనడంలో సందేహం లేదు. అయితే మెక్‌ఫ్లై పాటలు ఎన్నడూ వినని తరం పిల్లలే అటు తరువాతి పుస్తకాలకు పాఠకులయ్యారు.

పాడింగ్టన్

పెరూ దేశం నుండి ఒంటరిగా లండను చేరి, పాడింగ్టన్ రైల్వే స్టేషనులో బ్రౌన్ కుటుంబానికి దొరికిన ఎలుగుబంటి పిల్ల కథను మైకేల్ బాండ్ 1958లో వ్రాశాడు. ఈ కథ, 2014 నాటి చలనచిత్రం ఆధారంగా రూపొందిన సంగీత నాటకం 2025 నవంబరులో లండనులోని సవాయ్ థియేటర్‌లో ప్రారంభమైంది. పాటలు, సంగీతం ఫ్లెచర్ సమకూర్చగా, జెస్సికా స్వేల్ నాటకం వ్రాసింది. లూక్ షెపర్డ్ దర్శకత్వం వహించాడు. పాడింగ్టన్ పాత్రను ఇద్దరు కళాకారులు కలిసి పోషించారు. ఆర్తీ షా ఎలుగుబంటి వేషంలో వేదిక మీద నటించగా, జేమ్స్ హమీద్ దానికి గాత్రం అందించి, ముఖ కదలికలను దూరం నుండి నియంత్రించాడు. బాలనటుడిగా లండను రంగస్థలం మీద పాటలు పాడిన ఫ్లెచర్‌కు, అదే రంగస్థలం మీద సంగీతకర్తగా ఇది ప్రధానమైన కృషి.

వ్యక్తిగత జీవితం

సిల్వియా యంగ్ పాఠశాలలో సహాధ్యాయిని అయిన జొవానా ఫాల్కొనీని ఫ్లెచర్ 2012 మేలో వివాహమాడాడు. ఆమె కూడా నవలా రచయిత్రి. వివాహ విందులో మెక్‌ఫ్లై బాణీలకు కొత్త మాటలు కూర్చి ఇతను పాడిన కృతజ్ఞతా ప్రసంగం వీడియో యూట్యూబులో విశేషంగా ప్రచారం పొందింది. ఈ దంపతులకు ముగ్గురు కుమారులు. తనకు బైపోలార్ డిజార్డర్ అనే మానసిక రుగ్మత ఉన్నదని 2012లో వెలువడిన బృంద ఆత్మకథ 'అన్‌సెడ్ థింగ్స్'లో ఫ్లెచర్ వెల్లడించాడు. 2021లో బీబీసీ వారి నాట్య పోటీ కార్యక్రమం 'స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్'లో పాల్గొన్నాడు. 2024లో డానీ జోన్స్‌తో కలిసి 'ద వాయిస్' అనే గాన పోటీకి శిక్షకుడిగా వ్యవహరించాడు.

ముఖ్యమైన రచనలు

- ద డైనోసార్ దట్ పూప్డ్ క్రిస్మస్ (2012, డగీ పాయింటర్‌తో కలిసి)
- ద డైనోసార్ దట్ పూప్డ్ ఎ ప్లానెట్ (2013, డగీ పాయింటర్‌తో కలిసి)
- ద క్రిస్మసారస్ (2016)
- దేర్స్ ఎ మాన్‌స్టర్ ఇన్ యువర్ బుక్ (2017)
- ద క్రీకర్స్ (2017)
- బ్రెయిన్ ఫ్రీజ్ (2018)
- ఈవ్ ఆఫ్ మ్యాన్ (2018, జొవానా ఫ్లెచర్‌తో కలిసి)
- ద క్రిస్మసారస్ అండ్ ద వింటర్ విచ్ (2019)
- ద డేంజర్ గ్యాంగ్ (2020)
- ద క్రిస్మసారస్ అండ్ ద నాటీ లిస్ట్ (2021)
- స్పేస్ బ్యాండ్ (2022)